కమీయ్ అనే పరిమళం

"ముందు వాసన సంగతి చెప్పండి మాస్టారూ. తలుపు తోయగానే మీ ముక్కుకి ఏం తగిలింది?"

అడిగినావిడ ముక్కు మాత్రం ఎర్రగా కందిపోయి ఉంది. మే నెల వస్తే చాలు, ఒడెట్ ఫ్యూనెల్‌కి గడ్డి పుప్పొడి పడక తుమ్ములే తుమ్ములు. సెంట్ల తయారీకి పేరుపడ్డ గ్రాస్ ఊరంతా గులాబీలు కోసి మూటలు కట్టే రోజుల్లో ఏ వాసనా తెలియకుండా తిరిగే డిటెక్టివ్ ఆవిడొక్కతే. పోలీసు ఉద్యోగం వదిలేసి, సబ్బుల కొట్టు మేడ మీద సొంత ఆఫీసు పెట్టుకున్న దగ్గర్నుంచి ముక్కుతో పని పడే కేసు రావడం ఇదే మొదలు.

అన్సెల్మ్ రెబూల్ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. మెఫ్రె కంపెనీ సెంట్లలో పేరున్నవన్నీ నలభై ఏళ్ళుగా ఆయన ముక్కులోంచి పుట్టినవే.

"పచ్చి వాసనమ్మా. లేత కాడని పుటుక్కున విరిచినట్టు. నా కమీయ్ నాకంటే ముందే వచ్చి కూర్చుందో, కూర్చున్నాడో అనుకుని నవ్వుకుంటూ లోపలికొచ్చాను. చూస్తే ఇదీ!"

రెండో అంతస్తులో ఆయన పనిగది అది. నేల మధ్యలో పెద్ద గాజుసీసా ముక్కలు ముక్కలై ఉంది. సెంటు మడుగు ఆరుతూ పలకల మీద మరక కట్టింది. గోడంతా చిందులు. పాలరాతి తూకం బల్ల అంచున అరచేయంత రక్తం. కుర్చీ ఒకటి బోర్లా పడి ఉంది. కిటికీ బార్లా తెరిచి ఉంది. మనిషి మాత్రం లేడు.

ఒడెట్ వంగి రక్తాన్ని చూసింది. ఇంకా పూర్తిగా గడ్డ కట్టలేదు.

"ఎవరిదో తల పగిలింది. ఆ తల ఇప్పుడెక్కడుందో మనం తొందరగా కనుక్కోవాలి" అంది. "కమీయ్ ఎవరో నాకు మొదట్నుంచీ చెప్పండి. పేపర్లో చదివాను గానీ మీ నోటితో వినాలి."

అన్సెల్మ్ కళ్ళు మూసుకున్నాడు.

"కిందటేడాది శీతాకాలం ముందు, లూ నది లోయలో నా కారు జారి నదిలో పడింది. చీకటి పడే వేళ, ఒకటే వాన. కళ్ళజోడు పోయింది, ఏమీ కనబడదు. ఎవరో నీళ్ళలోకి దూకి, నన్ను బయటికి లాగి, ఒడ్డున పడుకోబెట్టారు. నా నెత్తిన తమ కోటు కప్పారు. 'ఊపిరి తీసుకో తాతా, మిగతావన్నీ నేను చూసుకుంటా' అన్నారు. పేరడిగితే కమీయ్ అన్నారు. అంబులెన్సు కూత వినబడగానే పరుగెత్తి వెళ్ళిపోయారు. బొంగురు గొంతు. ఆడో మగో నాకు ఈనాటికీ తెలీదు. కమీయ్ అనే పేరు ఇద్దరికీ పెడతారు కదా!"

"ఆ మనిషినే సెంటుగా చేశారు."

"నాకు మిగిలింది వాసనొక్కటేగా!"

"నాకు ముక్కు పని చెయ్యడంలేదు మాస్టారూ. ఆ సెంటుని మనిషిగా చెప్పండి, అర్థమవుతుంది."

ముసలాయన ముఖంలోకి ఒక్కసారిగా వెలుగొచ్చింది. "మొదట పచ్చిదనం. తలుపు కొట్టకుండా ఇంట్లోకొచ్చేసే చనువు అది. అది ఎక్కువసేపు నిలవదు. దాని వెనకాల వానలో తడిసిన తెల్లపూలు. పైకి గలగలా ఉన్నా లోపల మెత్తటి మనసు. అన్నీ పోయాక తడి బెరడు. మాటిచ్చాక కదలని మనిషి. అడగకముందే చెయ్యందించి, మనం నోరు తెరిచి థాంక్స్ చెప్పేలోపు మాయమైపోయే రకం. అందుకే ఇది ఆడవాళ్ళ సెంటు కాదు, మగవాళ్ళ సెంటూ కాదు. కమీయ్ సెంటు. ఇవాళ సాయంత్రం ఆరింటికి కింద ముంగిట్లో దీన్ని లోకానికి చూపిస్తున్నాం. కమీయ్‌ని నా పక్కన నిలబెట్టుకుని చూపించాలని పేపరు ద్వారా పిలిచాను. వస్తానని నిన్న ఫోను కూడా వచ్చింది!"

గుమ్మంలో దగ్గు వినబడింది. ఇద్దరు మగవాళ్ళు లోపలికొచ్చారు.

ముందు వచ్చినవాడు లూడోవిక్ మెఫ్రె, కంపెనీ యజమాని. నలభై దాటాయి. చిన్నప్పట్నుంచీ ఈ గదిలో అన్సెల్మ్ కాళ్ళ దగ్గర కూర్చుని సీసాలతో ఆడుకుంటూ పెరిగినవాడు. ఖరీదైన కోటు వేసుకున్నాడు గానీ పైగుండీ తప్పు కాజాలోకి పెట్టాడు. వెనక వచ్చినవాణ్ణి చూడగానే ఒడెట్ నిట్టూర్చింది. బాస్తియన్ ఫెరో. ఒకప్పుడు ఇద్దరూ ఒకే స్టేషన్లో పనిచేశారు. ఇప్పుడు మెఫ్రె కంపెనీ కాపలా అంతా అతని చేతిలో ఉంది. నడుముకి తాళాలగుత్తి, రేడియో.

"అయ్యో, ఒడెట్! ముక్కులేని దాన్ని వాసనలకొట్టుకి ఎవరు పిలిచారు?" అన్నాడు బాస్తియన్.

"ముక్కున్నవాళ్ళు పిలిచారు. నువ్వు స్టేషన్లో ఉన్నప్పుడు కూడా కేసు నీ ముక్కు కిందే ఉండేది, నీకే కనబడేది కాదు."

"బాగుంది. అయితే ఇది విను, నీకు శ్రమ తప్పుతుంది. రాత్రి ఎవతో కిటికీలోంచి ఎక్కింది. కొత్త సెంటు దొంగిలించబోయి సీసా పగలగొట్టుకుంది, చెయ్యి కోసుకుంది, వచ్చిన దారినే దిగి పారిపోయింది. ఫోను చేసి వస్తానని మాస్టారిని నమ్మించింది కూడా అదే. కమీయ్ కాదు, వల్లకాడు కాదు. దొంగది."

"పోలీసులకి చెప్పారా?"

"వద్దు!" లూడోవిక్ గబుక్కున అన్నాడు. "పారిస్ నుంచి అతిథులు దిగుతున్నారు మేడమ్. సాయంత్రం అయ్యేదాకా ఒక్క పోలీసు టోపీ కూడా ఇక్కడ కనబడకూడదు. దయచేసి."

"మీకు గంట ఇస్తున్నాను. తర్వాత నేనే ఫోన్ చేస్తాను" అంది ఒడెట్.

బాస్తియన్ నవ్వి, నడుము దగ్గర రేడియో తీశాడు. "గేటు! అందరూ వినండి. కమీయ్ అనే పేరుతో ఏ ఆడమనిషి కనబడినా ఆపి, తిన్నగా నా దగ్గరికి తీసుకురండి. ఆడమనిషి. అర్థమైందా?" రేడియో మళ్ళీ తగిలించుకుని, "చూశావా, పని ఎలా జరుగుతుందో!" అన్నాడు.

ఒడెట్ అతన్ని పట్టించుకోలేదు. కిటికీ దగ్గరికెళ్ళింది. గట్టు మీద వరసగా నాలుగు జెరేనియం కుండీలు. వాటి మధ్య సాలీడు గూడు, దాని మీద మంచుబొట్లు ఇంకా ఆరనేలేదు.

"మీ దొంగది చాలా సన్నగా ఉంటుంది కాబోలు బాస్తియన్. సాలీడు గూడు తెగకుండా లోపలికి దూరి, తెగకుండా బయటికి పోయింది."

బాస్తియన్ మొహంలో నవ్వు ఆగింది. "అయితే తలుపులోంచే వచ్చింది. రాత్రే వచ్చిందిగా!"

"మాస్టారూ, మీరు వచ్చింది తొమ్మిదికి. అప్పుడు పచ్చి వాసన వచ్చిందన్నారు. నేల మీది మడుగులోంచా?"

"మడుగు సంగతి వదిలెయ్యమ్మా. అంత సెంటు ఒక్కచోట ఉంటే పచ్చిదనం చాలాసేపు పట్టుకునే ఉంటుంది." అన్సెల్మ్ కర్రతో గోడ చూపించాడు. అక్కడ ఆవగింజంత చుక్కలు. "నేను రాగానే గోడ దగ్గరికి పోయి వీటిని వాసన చూశాను. ఇంత చిన్న చుక్క, తెరిచిన కిటికీ, గాలి. పావుగంట దాటితే పచ్చిదనం ఎగిరిపోవాలి. కానీ ఉంది. ముక్కు పుటాలదిరేలా ఉంది! ఇప్పుడు చూస్తే వట్టి పూలే మిగిలాయి. రాత్రి చిందిందే అయితే నాకు తడి బెరడు తప్ప ఇంకేమీ దొరికేది కాదు."

"ముక్కుని బోనెక్కించి సాక్ష్యం చెప్పిస్తావా ఒడెట్?" అన్నాడు బాస్తియన్.

"ఈ ఊళ్ళోనా? తప్పకుండా." ఒడెట్ వంగి ఆ చుక్కలని చూసింది. తీగ చేతికి తగిలింది. "అంటే సీసా పగిలింది తొమ్మిదికి కాస్త ముందు. అప్పుడు మాస్టారు ఎక్కడున్నారు?"

"మెట్లెక్కుతున్నాను. మోకాళ్ళ నొప్పులు కదా, నేను ఎక్కడమంటే అదో యాత్ర."

"దారిలో ఎవరైనా దిగారా?"

"పిట్ట కూడా దిగలేదు."

"అయితే కొట్టినవాడు మెట్ల మీదుగా పోలేదు. దెబ్బ తిన్న మనిషినీ ఆ దారిన మోసుకుపోలేదు." ఒడెట్ గదిలో అటువైపు నడిచి, అలమరాల మధ్య ఉన్న చిన్న తలుపు ముందు ఆగింది. "ఇది ఎటు?"

"ఆఫీసు వైపు" అన్నాడు అన్సెల్మ్. "పక్కనే సరుకు లిఫ్టు కూడా ఉంది. లిఫ్టు నేలమాళిగలోకి పోతుంది."

"అంటే బయటివాళ్ళ పని కాదు. ఇంటివాళ్ళ పనే."

కింద ముంగిట్లో పందిరి కడుతున్నవాళ్ళ సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

"పొద్దున్నుంచీ గేటు లోపలికి ఎవరైనా రావచ్చు కదా" అంది ఒడెట్.

"పందిరివాళ్ళు, పూలవాళ్ళు, వంటవాళ్ళు, అందరూ వస్తున్నారు" అన్నాడు లూడోవిక్. "బయటికి పోయేటప్పుడే సోదా. కొత్త సెంటు ఒక్క చుక్క కూడా బయటికి పోకూడదని బాస్తియన్ ఏర్పాటు."

"మంచి ఏర్పాటు. అయితే దెబ్బ తిన్న మనిషి ఇంకా ఈ గోడల లోపలే ఉన్నట్టు." ఆవిడ బల్ల మీది ఫోను దగ్గరికి వెళ్ళింది. "నిన్నటి మాటలు ఇందులో రికార్డయి ఉన్నాయా మాస్టారూ? వినిపించండి."

అన్సెల్మ్ మీట నొక్కాడు. బొంగురు గొంతు, వెనక గాలి హోరు.

"అన్సెల్మ్ గారూ, నేను కమీయ్‌ని. పేపరు చదివి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. నన్ను సీసాలో పోశారటగా! రేపు తొమ్మిదికి వస్తాను. అన్నట్టు, ఆ రోజు రోడ్డు మీద ఆగిన కారువాళ్ళని కూడా పిలిచారా? మీకోసం అంబులెన్సుని పిలుస్తామని వెళ్ళారు. వాళ్ళకీ ఒక మాట చెప్పాలి."

"కారేంటో నాకర్థం కాలేదమ్మా" అన్నాడు అన్సెల్మ్. "నాకు గుర్తున్నంతవరకు కళ్ళలోకి వెలుతురు పడింది, తర్వాత నీళ్ళు. నేనే జారాననుకున్నాను. అంబులెన్సుని పిలిచింది వెనకాల వచ్చిన లారీ డ్రైవరని ఆస్పత్రిలో చెప్పారు."

"ఇది ఇంకెవరు విన్నారు?"

"ఇదిగో, వీళ్ళిద్దరూ. సంతోషం పట్టలేక నిన్న సాయంత్రమే పిలిచి వినిపించాను."

ఒడెట్ మెల్లగా లూడోవిక్ వైపు తిరిగింది. అతను జేబురుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"తొమ్మిదికి ఎక్కడున్నారు మెఫ్రె గారూ?"

"ముంగిట్లో. పందిరి దగ్గర."

"పందిరివాళ్ళని అడగనా?"

"అడగండి! లేదు... మధ్యలో ఆఫీసుకి వెళ్ళాను. ఫోన్లు చేసుకున్నాను."

"ఆఫీసంటే ఈ చిన్న తలుపు అవతలేగా. సీసా పగిలిన చప్పుడు వినలేదా?"

"లేదు."

"కిందటేడాది మాస్టారు నదిలో పడ్డ సాయంత్రం ఎక్కడున్నారు?"

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఆ లోయ దారిలో మాస్టారి కారుని గుద్ది, ఆగి చూసి, సాయానికి వెళ్తున్నామని చెప్పి, వెళ్ళిపోయినవాళ్ళు ఎవరో ఉన్నారు. వాళ్ళని చూసిన సాక్షి ఇవాళ తొమ్మిదికి ఇక్కడికి రావాలి. తొమ్మిదికి ముందే ఇక్కడ రక్తం చిందింది. మీరు చెప్పండి, ఏంటి సంబంధం?"

"మాస్టారు నాకు తండ్రిలాంటివారు!" లూడోవిక్ అరిచాడు. "ఆస్పత్రిలో నెలరోజులు పక్కనే కూర్చున్నాను! ఊరూ పేరూ లేని గుండుగాడెవడో ఫోన్ చేసి కారు కారు అంటే, దాన్ని పట్టుకుని మీరు నన్ను..."

మాట సగంలో ఆగిపోయింది. సుత్తి దెబ్బలు కూడా అప్పుడే ఆగినట్టయింది.

ఒడెట్ తుమ్మింది. ముక్కు తుడుచుకుంది. "గుండా?" అంది.

"అంటే... గొంతు... మగాడి గొంతులా..."

"గొంతుని బట్టి మగాడంటే ఒప్పుకుంటాను. గొంతుని బట్టి గుండని ఎలా తెలిసింది?"

అన్సెల్మ్ లూడోవిక్ వైపు తిరిగాడు. "ఆ తల నేను చూడలేదు లూడో. కళ్ళజోడు లేదు, చీకటి. పేపరు వాళ్ళకీ చెప్పలేదు. చెప్పడానికి నాకు తెలిస్తేగా! నీకెలా తెలిసింది నాయనా?"

ఆ 'నాయనా' తగలగానే లూడోవిక్ బల్ల అంచు పట్టుకున్నాడు. ఆ చెయ్యి రక్తపు మరక మీద పడింది. నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నాడు.

"నోరు జారాడు, అంతే!" బాస్తియన్ మధ్యకొచ్చాడు. "మూడు రాత్రులనుంచి నిద్రలేదు మనిషికి. ఒడెట్, ఇది కంపెనీ. నీ ఇష్టమొచ్చినట్టు..."

"నేలమాళిగలో ఏముంది?" ఒడెట్ అతని మాట విననే లేదు.

"స్పిరిట్ గది" అన్నాడు అన్సెల్మ్. "సెంట్లలో కలిపే ఆల్కహాలు డ్రమ్ముల్లో ఉంటుంది. తాళంచెవులు రెండే. ఒకటి లూడో దగ్గర, ఒకటి బాస్తియన్ దగ్గర."

ఒడెట్ అప్పటికే చిన్న తలుపు తీసేసింది. లిఫ్టు గుమ్మం దగ్గర నేల మీద గాజురవ్వ ఒకటి తళుక్కుమంది. దాని పక్కన రక్తం చుక్క. "తాళం తియ్యి బాస్తియన్. లేకపోతే ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తాను. వాళ్ళొచ్చి తలుపు పగలగొడతారు. పారిస్ అతిథులు తమాషా చూస్తారు."

బాస్తియన్ ఒక్క క్షణం ఆవిడ కళ్ళలోకి చూశాడు. "పద" అన్నాడు.

నలుగురూ సరుకు లిఫ్టులో నేలమాళిగకి దిగారు. స్పిరిట్ గది తలుపు ఇనుపది. లోపల గాలి తోడే పంకా బరబరా తిరుగుతోంది. నీలం డ్రమ్ములు వరసలు వరసలుగా ఉన్నాయి. చివరి వరస వెనక నుంచి మూలుగు వినబడగానే ఒడెట్ పరుగెత్తింది.

పొడుగాటి మనిషి. పాతికేళ్ళు దాటి ఉంటాయి. పనిబట్టలు, నున్నటి గుండు, నుదుటి మీద గడ్డకట్టిన రక్తం. కాళ్ళూ చేతులూ టేపుతో చుట్టి ఉన్నాయి. ఒడెట్ నోటి మీది టేపు లాగేసింది. అతను గట్టిగా ఊపిరి తీసుకుని దగ్గాడు.

"బతికే ఉన్నాడు!" అని అరిచింది.

గుమ్మం దగ్గర లూడోవిక్ మోకాళ్ళ మీద కూలిపోయాడు.

"చంపాలని కాదు మాస్టారూ! ఒట్టు! కారు మాట ఎత్తొద్దని బతిమాలుకుందామనే వచ్చాను. 'అయితే ఆ కారు మీదేనా' అని ఫోన్ తీశాడు. చేతిలో సీసా ఉంది. ఏం చేస్తున్నానో నాకే తెలీలేదు!"

"ఆ కారు నీదా లూడో?"

"ఆ రోజు బాగా తాగాం. మలుపులో మీ కారుని రాసుకుంది. ఆగాం. కిందికి చూస్తే ఈ గుండువాడు నీళ్ళలో మిమ్మల్ని పట్టుకుని, ఫోన్ చెయ్యండి, ఫోన్ చెయ్యండి అని అరుస్తున్నాడు. సరేనని తలూపాం. కానీ చెయ్యలేదు మాస్టారూ. చేస్తే దొరికిపోతామని చెయ్యలేదు. మీరు బతికారని తెలిసి మీ మంచం పక్కనే కూర్చుని ఏడ్చాను. చెప్పేద్దామని రోజూ అనుకున్నాను."

అన్సెల్మ్ అతని వైపు ఒక్క అడుగు వేశాడు. "నాకు నారింజపూల రొట్టె తెచ్చి తినిపించేవాడివి. రోజూ" అన్నాడు.

ఒడెట్ కట్లు విప్పుతూనే అడిగింది. "ఆగాం, తలూపాం అంటున్నావు. పక్కన ఎవరున్నారు?"

అంతలో కట్లు విప్పించుకున్న ఆ యువకుడు గోడకి చేరబడి, గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నుంచీ ఒకటే మాట చెప్పబోతుంటే ఎవరూ వినరేంటి? నా పేరు తిబో. కమీయ్‌ని నేను కాదు. మా అక్క."

"అక్కా?" అన్సెల్మ్ కర్ర జారి కిందపడింది.

"కవలలం. ఇద్దరం చెట్లెక్కి కొమ్మలు కొట్టే పని చేస్తాం. ఆ రోజు లోయ పైన నేను తాడు మీద వేలాడుతున్నాను. కింద మీ కారు పడగానే నన్నక్కడే వదిలేసి పరుగెత్తింది. అంబులెన్సు కూత వినబడ్డాక గానీ నేను గుర్తు రాలేదు మహాతల్లికి! ఇవాళ నన్ను గేటు దగ్గర దింపి, వ్యాను పెట్టడానికి చోటు కోసం వెళ్ళింది. గుండంటారా, ఈ పనిలో జుట్టు కొమ్మలకి చిక్కుకుంటుంది. ఇద్దరికీ గుండే."

అప్పుడే బాస్తియన్ నడుము దగ్గర రేడియో గరగరలాడింది. "సార్, గేటు నుంచి. మీరు చెప్పినట్టే కమీయ్ అనే ఆవిడని పట్టుకున్నాం. తమ్ముడు లోపలికెళ్ళి రాలేదని గొడవ చేస్తోంది. మీరు కిందకి వెళ్ళారన్నారు, తీసుకొచ్చేశాం. మెట్ల మీదున్నాం."

ఒడెట్ చూపు బాస్తియన్ మొహం మీదే ఉంది. ఆ మొహంలో రంగు మారింది. మొహం మీద గెలుపు కనబడాల్సిన చోట భయం కనబడింది.

మెట్ల మీద బరువైన బూట్ల చప్పుడు. గుమ్మంలోకి ఇంకా ఎవరూ రాలేదు, అన్సెల్మ్ తల ఎత్తాడు. ముక్కుపుటాలు కదిలాయి. ముడతలు పడిన మొహం పసివాడి మొహంలా విచ్చుకుంది.

"చెట్లకి పాకే ఐవీ ఆకు. తడి బెరడు. కొట్టిన కొమ్మ" అన్నాడు. "కమీయ్!"

గుండుతో, బురద బూట్లతో, తమ్ముడంత పొడుగున్న ఆమె ఒక్క అంగలో లోపలికొచ్చింది. కాపలావాడు గుమ్మంలోంచే బాస్తియన్‌కి సెల్యూట్ చేసి వెళ్ళిపోయాడు. ఆమె ముందు తమ్ముడి నెత్తురు చూసింది. తర్వాత చేతులు చాచి నిలబడ్డ ముసలాయన్ని చూసింది.

"తాతా! లేచి నడుస్తున్నావే!" అని బొంగురు గొంతుతో నవ్వి, ఆయన్ని గుండెకి హత్తుకుంది. ఆయన ఆమె భుజం మీద తల పెట్టి, కళ్ళు మూసుకుని, వాసన పీలుస్తూ ఉండిపోయాడు. "బెరడు తక్కువ వేశాను" అని గొణిగాడు. "ఇంకా కొంచెం పడాలి."

"నా తమ్ముణ్ణి కొట్టిందెవరు?" కమీయ్ ఆయన భుజం మీదుగా అడిగింది.

ఒడెట్ లూడోవిక్‌ని చూపించింది. "ఇతను. లోయలో కారు నడిపింది కూడా ఇతనే కావచ్చు. చూసి చెప్పగలవా?"

కమీయ్ లూడోవిక్ గడ్డం పట్టి పైకెత్తింది. తేరిపార చూసింది.

"కారు లోపల లైటు వెలుగుతోంది. ఇతను పక్క సీట్లో ఉన్నాడు. ఏడుస్తున్నాడు. నడిపింది ఇతను కాదు." ఆమె మెల్లగా తలతిప్పింది. "అద్దం దించి, ఫోన్ చేస్తాం అని నాతో అరిచి చెప్పింది ఇదిగో, ఈయన."

చూపుడువేలు బాస్తియన్ గుండెకి గురిపెట్టి ఉంది.

ఒడెట్‌కి అంతా ఒక్కసారే కళ్ళకి కట్టింది. "అందుకే ఆడమనిషిని వెతకమన్నావు! నువ్వు చూసింది మగాణ్ణని నమ్మావు. మగాణ్ణి ఎవరూ వెతక్కూడదు, ఈ గదిలో పడున్నవాడు ఎవరికీ గుర్తు రాకూడదు. నీ హుకుమే ఆమెని మెట్లు దింపి నీ ముందు నిలబెట్టింది బాస్తియన్!"

బాస్తియన్ అప్పటికే గుమ్మంలో ఉన్నాడు. తలుపు పక్క డ్రమ్ము కుళాయిని బూటుకాలితో ఒక్క తన్ను తన్నాడు. కుళాయి ఊడి నేలమీద దొర్లింది.

"తలుపు!" ఒడెట్ ముందుకి దూకింది.

ఇనుప తలుపు ఆవిడ వేళ్ళకి అంగుళం దూరంలో ధడాలున మూసుకుంది. తాళం రెండుసార్లు తిరిగింది. ఆ వెంటనే పంకా బరబర తగ్గి, తగ్గి, ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో డ్రమ్ములోంచి ఆల్కహాలు గుడగుడా కారుతున్న చప్పుడు వినబడింది. అది నేలమీద పరుచుకుంటూ, గుమ్మం సందులోంచి బయటికి పాకుతోంది.

కమీయ్ భుజంతో తలుపుని గుద్దింది. కదల్లేదు. తిబో కారుతున్న రంధ్రానికి తన చొక్కా కుక్కుతున్నాడు. లూడోవిక్ జేబులన్నీ తడుముకుని తాళంచెవి బయటికి తీశాడు. "ఉంది, నా దగ్గరా ఉంది!" అన్నాడు. తలుపు పైనుంచి కిందిదాకా చూశాడు. లోపలివైపు తాళంరంధ్రమే లేదు.

"ఎవరూ స్విచ్చుల మీద చెయ్యి వెయ్యకండి" అన్నాడు అన్సెల్మ్. "ఒక్క రవ్వ చాలు."

ఆయన గుమ్మం దగ్గర వంగాడు. కళ్ళు మూసుకుని, గుమ్మం సందుకి మొహం దగ్గరగా పెట్టి, ఒక్క ఊపిరి పీల్చాడు. లేచేసరికి ఆయన పెదాలు తెల్లబడిపోయాయి.

"వెళ్ళిపోలేదు. అవతలే నిలబడి ఉన్నాడు" అన్నాడు. "అగ్గిపుల్ల గీశాడు."